ఒకటిన్నర నిమిషం పాట, ఆ తర్వాత సన్నాయి

పెదనాన్న పోయిన కబురు నాకు ముందు కూతగా వినిపించింది. నరసరావుపేటలో మా బడిలో మూడో పీరియడు ముగించుకుని స్టాఫ్ రూములోకి వస్తుంటే కారంపూడి నుంచి అమ్మ ఫోన్ చేసింది. అమ్మ ఏదో చెబుతోంది. వెనకాల మా వీధిలో ఆటో మైకు ఒకటి పోతోంది. ఎవరో చనిపోయారని చెబుతున్నారని అర్థమైంది గానీ, ఎవరో తెలియలేదు. మైకు కూత పెడుతోంది, మాట మీద మాట పడి ముద్దయిపోతోంది. "ఎవరి మైకుసెట్టమ్మా అది, ఇంత దరిద్రంగా ఉంది? పెదనాన్న వింటే ఊరుకుంటాడా?" అన్నాను. అమ్మ "ఆ మైకు ఆయన గురించేనే" అంది.

పొద్దున కాఫీ తాగి మంచం మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకి వాలాడట. పెద్దమ్మ గ్లాసు కడిగి వచ్చేసరికి అంతా అయిపోయింది.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. మా గోడ అవతల ఇల్లు. పుట్టినప్పటి నుంచి పెదనాన్న అన్నాను కాబట్టి పెదనాన్నే. కారంపూడిలో, చుట్టుపక్కల పల్లెల్లో ముప్పై ఏళ్ళకు పైగా మైకుసెట్టు నడిపాడు. మీరెప్పుడైనా మా వైపు పెళ్ళికి వచ్చి ఉంటే ఆయన్ని చూసే ఉంటారు, కానీ గుర్తుండదు. పందిరి పక్కన అరుగు మీద ఆంప్లిఫయరు పెట్టుకుని, భుజాన తువ్వాలు వేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని ఉండేవాడు. "పెళ్ళిలో మైకుసెట్టోడు ఎవరికీ గుర్తు లేడంటే పని బాగా జరిగినట్టమ్మా. గుర్తున్నాడంటే కూత పెట్టిచ్చాడనే" అనేవాడు.

అయితే ఆయన పాట మాత్రం మీకు గుర్తుండి తీరాలి. అసలు దాని గురించే ఇదంతా రాస్తున్నాను. రాసి ఏం తేలుతుందో నాకు తెలియదు. లెక్కల టీచరుని. జవాబు రాని లెక్క మిగిలిపోతే నాకు అన్నం సహించదు. ఈ లెక్క నాలుగు నెలలుగా తేలలేదు, ఇప్పుడు చెప్పాల్సిన మనిషి కూడా లేడు.

అందరు మైకువాళ్ళలా "హలో హలో మైక్ టెస్టింగ్" అనడం పెదనాన్నకు గిట్టేది కాదు. ఆయన దగ్గర ఒక క్యాసెట్టు ఉండేది. సెట్టు బిగించడం అవగానే దాన్ని పెట్టేవాడు. ముందు ఒంటరిగా గిటారు తీగలు, నెమ్మదిగా. తర్వాత కింద నుంచి డ్రమ్ము. ఆ పైన ఎవరో మగమనిషి ఇంగ్లీషులో గొంతెత్తి ఒక కేక. ఆ మూడూ దేనికది విడిగా తెలిస్తే సెట్టు బాగున్నట్టు. కేక వచ్చిన కాసేపటికి, సరిగ్గా ఒకటిన్నర నిమిషం దగ్గర, టప్పున ఆ పాట తెగిపోయి సన్నాయి మేళం అందుకునేది.

దాని వెనక కథ ఇది. విజయపురి సౌత్‌లో ఇరిగేషన్ ఇంజనీరు ఒకాయనకు బదిలీ అయితే వీడ్కోలు సభకు పెదనాన్న మైకు పెట్టాడు. ఆయన సామాను సర్దుకుంటూ, అక్కర్లేని క్యాసెట్టు ఒకటి పెదనాన్న చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. పైన కాగితం చిరిగిపోయి ఉంది, పేరు లేదు. ఊరికే ఉంది కదా అని పెదనాన్న దాని మీద పెళ్ళిళ్ళకు సన్నాయి ఎక్కించమని నరసరావుపేటలో రికార్డింగు షాపులో ఇచ్చాడు. షాపాయన టేపును మొదటికంటా తిప్పకుండానే ఎక్కించాడు. దాంతో ఆ ఇంగ్లీషు పాట తల ఒక్కటీ మిగిలింది, మొండెం సన్నాయి అయింది.

మొదటిసారి ఒక పెళ్ళిలో ఆ గిటారు మోగితే జనం బిత్తరపోయారట. పెదనాన్న మాత్రం ఆపలేదు, చెవి పెట్టి విన్నాడు. అప్పటి నుంచి అదే ఆనవాయితీ. మా ఊళ్ళో గిటారు వినిపిస్తేనే పురోహితుడు కొబ్బరికాయ పీచు తీసేవాడు. కేక వినిపిస్తేనే పెళ్ళికూతురి పిన్నులు చీర కుచ్చిళ్ళు సర్దుకుని లేచేవారు. ఆ కేక తర్వాత సన్నాయి రావడం మాకు ఎంత సహజమంటే, ఆ పాట అంతేననుకున్నాం. డిగ్రీలో నా స్నేహితురాలి గదిలో ఏదో ఇంగ్లీషు పాట వింటూ, "ఇందులో సన్నాయి ఎప్పుడొస్తుంది?" అని అడిగినదాన్ని నేను. ఇప్పటికీ అది ఫోన్ చేసినప్పుడల్లా ఆ మాట ఎత్తి నవ్వుతుంది.

పాట మొదలుపెట్టి ఆయన కూర్చునేవాడు కాదు. ఆంప్లిఫయరు దగ్గర పెద్దమ్మనో, పిలిస్తే వచ్చే నన్నో నిలబెట్టి, పందిరికి వీపు పెట్టి నడుచుకుంటూ వెళ్ళిపోయేవాడు. భోజనాల ఆఖరి బంతి ఎక్కడ వేస్తారో అక్కడిదాకా వెళ్ళి, కాసేపు నిలబడి, చెయ్యి పైకెత్తేవాడు. వస్తోంది అని గుర్తు. "ముందు కూర్చున్నోళ్ళకు మైకెందుకమ్మా? ఆఖరి బంతిలో ఉన్నోడికి మాట అర్థం కావాల. వాడి కోసమే మైకు" అనేవాడు. ఆయన చెయ్యి ఎత్తేదాకా మేము ఆంప్లిఫయరు మీద నుంచి చెయ్యి తియ్యకూడదు.

పోయిన ఏడాది ఒక ఆదివారం ఆయన నన్ను పిలిచి, సిగ్గుపడుతూ అడిగాడు. హారన్ల పక్కన కూర్చుని కూర్చుని అప్పటికే ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిది ఒకటే మిగిలింది.

"ఫోన్లకు పాట వినిపిస్తే పేరు చెప్తయ్యంటగా. ఆ పాట ఎవరిదో చూడమ్మా. ఈ చెవి కూడా పొయ్యేలోపల, కేక తర్వాత ఏమైద్దో ఒక్కసారి వినాల."

ముప్పై ఏళ్ళుగా ఆ మాట మనసులో పెట్టుకుని ఉన్నాడని నాకు అప్పటిదాకా తెలియదు. టేపు సాగిపోయి పాట నీరసంగా వస్తోంది. నాలుగోసారికి ఫోను పేరు చెప్పింది. పేరు ఇక్కడ రాయను. పెదనాన్న దాన్ని ఒక్కసారి కూడా పలకలేదు, ఫోటో చూసి "ఆ పెద్దోళ్ళు" అన్నాడు, అంతే. నలుగురూ డెబ్భై దాటిన తెల్లవాళ్ళు. జుట్టు నెరిసింది, ఇంకా పాడుతూనే ఉన్నారు. పైగా హైదరాబాదు వస్తున్నారని కింద ఉంది. నేను గబుక్కున పాట నొక్కబోయాను. పెదనాన్న తువ్వాలు తీసి ఫోను మీద కప్పేశాడు.

"వద్దమ్మా. ఇన్నేళ్ళు ఆగినోణ్ణి, చిన్న డబ్బాలో వింటానా? వాళ్ళ సెట్టు మీదే వింటా. నువ్వు కూడా వినమాక."

ఒట్టు వేయించుకున్నాడు. వేశాను. పెద్దమ్మ వాకిట్లోంచే అరిచింది: "నేనూ వస్తా. ముప్పై ఏళ్ళ నుంచి నా ఇంట్లో మోగింది, దాని మొహం నేను చూడొద్దా?"

అలా ముగ్గురం మాచర్ల వెళ్ళి హైదరాబాదు బస్సెక్కాం. సాగర్ దగ్గర విజయపురి సౌత్ రాగానే పెదనాన్న కిటికీలోంచి తల బయటపెట్టి, ఆ ఇంజనీరు ఉన్న క్వార్టర్సు ఎటో వెతికాడు. పెద్దమ్మ పట్టుచీర కట్టింది. "పాటల కచేరీకి పట్టుచీర ఏంటి పెద్దమ్మా?" అంటే, "పెళ్ళి పాటేగా" అంది. ఒళ్ళో స్టీలు డబ్బా నిండా పులిహోర. ఊరి బయట పెద్ద మైదానంలో పెట్టారు కచేరీ. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు ఆ డబ్బా లాక్కున్నారు. పెద్దమ్మ చాలాసేపు తేరుకోలేదు. "పెళ్ళికొచ్చినోళ్ళ తిండి లాక్కునే పెళ్ళి ఇదేనే నేను చూడటం" అంటూనే ఉంది.

లోపల అందరూ నల్ల చొక్కాలు. ఎక్కువమంది నా వయసువాళ్ళూ, నాకన్నా పెద్దవాళ్ళూ. మా ముగ్గురినీ చూసి ఒకాయన జరిగి చోటిచ్చాడు. పెదనాన్న వేదిక వంక చూడనే లేదు. రెండు వైపులా పైనుంచి వేలాడదీసిన స్పీకర్లనే చూస్తున్నాడు. అవి ఒకదాని కింద ఒకటి వంపు తిరిగి అరటి గెలల్లా ఉన్నాయి. తర్వాత మైదానం మధ్యలో కంచె వేసి పెట్టిన మిక్సరు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. లోపల సౌండు మనిషి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఏదో రికార్డు పాట వేసి సెట్టు సరిచూసుకుంటున్నాడు. పెదనాన్న కంచె మీద నుంచి అరచేతిని మెల్లగా కిందికి దించి చూపించాడు. గిటారు కొంచెం తగ్గించమని.

"ఏమయ్యా, ఇంట్లో నీ మాట నేనే వినను, వాడింటాడా?" అంది పెద్దమ్మ.

ఆ మనిషి తల ఊపాడు. పెదనాన్నకేనా, పాటకు ఊపాడా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. గిటారు తగ్గిందని మాత్రం పెదనాన్న అన్నాడు.

ఇంకా వెలుగుండగానే మొదలుపెట్టారు. ఒక పాట అవుతోంది, ఇంకోటి వస్తోంది. మాకు ఏదీ తెలియదు. పక్కవాళ్ళకు ప్రతి మాటా కంఠతా వచ్చు. ఆ పాడే పెద్దాయన మధ్యలో నీళ్ళు తాగుతూ, నడుం పట్టుకుంటూ, మళ్ళీ గొంతెత్తుతున్నాడు. డ్రమ్ములాయన కళ్ళజోడు జారిపోతోంది. "పాపం, ఈ వయసులో ఎందుకొచ్చిన కష్టం?" అంటూనే పెద్దమ్మ కాలు ఆడించడం చూశాను.

చీకటి పడింది. గిటారు ఒంటరిగా మొదలైంది.

మా ముగ్గురికీ ఒక్కసారే తెలిసింది. మైదానం మొత్తం హోరెత్తింది. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. మా ఊరి పెళ్ళిళ్ళన్నీ కళ్ళముందు తిరిగాయి, నా పెళ్ళితో సహా. కొబ్బరి పీచు వాసన కూడా వచ్చినట్టనిపించింది. డ్రమ్ము వచ్చింది. కేక వచ్చింది, మా టేపులో కంటే సన్నగా, ముసలిగా. సన్నాయి రాలేదు. రాదని తెలుసు, అయినా చెవి దాని కోసమే ఎదురుచూసింది. "సన్నాయేదే?" అని పెద్దమ్మ పైకే అనేసింది. నేను పెదనాన్న మొహం చూద్దామని పక్కకి తిరిగాను.

ఆయన లేడు.

వెనక్కి చూస్తే, వేదికకు వీపు పెట్టి జనంలోంచి దారి చేసుకుంటూ వెళ్ళిపోతున్నాడు. భుజం మీది తువ్వాలు కనిపించింది, మాయమైంది. పెద్దమ్మను అక్కడే నిలబడమని చెప్పి వెంటపడ్డాను. ఒంటి చెవి మనిషి, కొత్త ఊరు, వేల జనం. అందరూ చేతులు పైకెత్తి ఊగుతున్నారు. ఆయనా ఎక్కడో చెయ్యి ఎత్తి ఉంటాడు. ఇన్ని చేతుల్లో ఆయనది ఏదో నేనెలా పట్టేది? పాట నా చుట్టూ సాగుతోంది, నా చెవిలోకి ఒక్క ముక్క ఎక్కితే ఒట్టు. నేను ఆయన్ని పట్టుకునేసరికి జనం చప్పట్లు కొడుతున్నారు. పాట అయిపోయింది.

మైదానం చిట్టచివర, నీళ్ళ డ్రమ్ముల పక్కన నిలబడి ఉన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. కుడి చెయ్యి కుడి చెవి మీద ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. భయమంతా కోపమైంది. "ఇంత దూరం వచ్చింది సెట్టు చూడటానికా పెదనాన్నా? విన్నారా లేదా పాట?" అని నలుగురిలో అరిచాను. ఆయన కళ్ళు తెరిచి, నన్ను చూసి, ఏమీ జరగనట్టు అన్నాడు:

"ఆఖరోళ్ళ దాకా వస్తందమ్మా. చానా బాగా వస్తంది."

ఇదీ నా లెక్క. ఆ చెయ్యి చెవి మీద ఎందుకుంది? మంచి చెవికి దోసిలి పట్టి ఆఖరి దాకా విన్నాడా, లేక వినకుండా ఉందామని మూసుకున్నాడా? అది తెలిసేంత దగ్గరగా నేను చూడలేదు. అరవడంలో ఉన్నాను. అదే నన్ను తినేస్తోంది.

తర్వాత మూడుసార్లు అడిగాను. తిరుగు బస్సులో అడిగితే "విన్నాలే" అన్నాడు. వారం తర్వాత, పేట నుంచి ఇంటికొచ్చినప్పుడు అడిగితే "యాడమ్మా, నడకకే సరిపాయె" అన్నాడు. ఉగాదికి మళ్ళీ అడిగితే నవ్వి, "నీకు పిల్లోళ్ళ పరీక్ష పేపర్లు లేవా దిద్దుకోను?" అన్నాడు. పెద్దమ్మను అడిగితే, "నన్నడగమాక, ఆయనతో నలభై ఏళ్ళున్నా, కూరలో ఉప్పు సరిపోయిందో లేదో కూడా ఒక్కనాడు చెప్పలా" అంది.

అరిచినందుకు మనసు ఊరుకోక, ఆ పాట పూర్తిగా పెన్ డ్రైవులోకి ఎక్కించి తెచ్చి ఇచ్చాను. ఒట్టు తప్పలేదు, వినకుండానే ఎక్కించాను. చిన్న ప్లాస్టిక్ కవరులో వేసి రబ్బరు బ్యాండు చుట్టి ఇచ్చాను. ఆయన కొత్త ఆంప్లిఫయరుకు పెన్ డ్రైవు పెట్టే చోటు ఉంది, ఆయనకు పెట్టడమూ వచ్చు. "మీ సెట్టు మీదే వినండి, ఎవరూ చూడరు" అన్నాను. తీసుకుని జేబులో వేసుకున్నాడు. "ఉంచుతాలే తల్లీ" అన్నాడు. తల్లీ అని ఆయన నన్ను పిలిచింది ఆ ఒక్కసారే. కోపం పెట్టుకోలేదని చెప్పడానికి అన్నాడేమో. అలా అనుకుంటేనే నాకు నిద్ర పడుతోంది.

పెద్దకర్మ రోజు పొద్దున పెద్దమ్మ నన్ను లోపలికి పిలిచింది. వాకిట్లో షామియానా వేశారు. భజన వాళ్ళు వస్తారు, మైకు కావాలి. డీజే బాక్సుల వాళ్ళు తెస్తామన్నారట. "ఆయన సెట్టు ఇంట్లో ఉండంగా వాళ్ళదేంది?" అని పెద్దమ్మ ఒప్పుకోలేదు. క్యాసెట్ల డబ్బా తీసి నా ముందు పెట్టింది. పైనే ఆ టేపు ఉంది. దాని పక్కన నేనిచ్చిన కవరు. రబ్బరు బ్యాండు నేను చుట్టిన మూడు చుట్లూ అలాగే ఉన్నాయి.

దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. విప్పలేదంటే ఆ రోజే విన్నాడు, మళ్ళీ అక్కర్లేకపోయింది. లేదా వినలేదు, వినదలుచుకోలేదు. రెండు విధాలా జవాబు సరిపోతుంది. అలాంటి లెక్కను పరీక్షలో ఇస్తే నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారు. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

"సెట్టు చూడాలిగా. ఏది పెట్టమంటావు పెద్దమ్మా?" అన్నాను. "టేపు పెడితే సన్నాయి వస్తుంది. పెద్దకర్మ రోజు మంగళవాయిద్యం మోగకూడదంటారు. ఇందులో అయితే పాట మొత్తం ఉంది, సన్నాయి లేదు."

పెద్దమ్మ కవరు తీసుకుంది, అటూ ఇటూ తిప్పి చూసింది, నా చేతిలో పెట్టేసింది.

"ఇది వాళ్ళ పాట. ఆయన పాట ఆ టేపులో ఉన్నదేనే. అదే పెట్టు."

"అందరూ ఏమంటారో."

"ఆయన పెట్టిన సన్నాయితో పెళ్ళిళ్ళయినోళ్ళే గదటే అంతా? ఏమంటారో అననీ."

ఆంప్లిఫయరు షామియానా కిందికి తెచ్చి, ఆన్ చేసి టేపు పెట్టాను. డాబా మీద ఆయన కట్టిన హారను కట్టినట్టే ఉంది. గిటారు మొదలైంది, సాగిపోయిన టేపు కదా, నీరసంగా. షామియానా కింద మాటలు ఆగిపోయాయి. పెద్దమ్మ వచ్చి ఆంప్లిఫయరు మీద చెయ్యి వేసి నిలబడింది. నా వంక చూసి గడ్డంతో వీధి చివర వైపు చూపించింది.

నేను షామియానాకు వీపు పెట్టి నడిచాను. బంధువుల మధ్య నుంచి, వంటల పొయ్యి పక్క నుంచి, భోజనాల ఆఖరి బంతికి వేసిన చాపలు దాటుకుని వెళ్ళాను. డ్రమ్ము తెలుస్తోందా, తీగలు కలిసిపోతున్నాయా, గోడ దగ్గర మాట విరుగుతోందా, ఇవే చూసుకుంటూ నడిచాను. చివరికి వెళ్ళి ఇటు తిరిగేసరికి సన్నాయి మోగుతోంది. కేక ఎప్పుడు వచ్చిందో, పాట ఎక్కడ తెగిందో నేను గమనించనే లేదు. నా కుడి చెయ్యి చెవి మీద ఉంది. ఎప్పుడు పెట్టుకున్నానో తెలియదు.

పక్క వీధి ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి, ఈ ఇంట్లో సన్నాయేమిటా అని తెల్లబోయి చూస్తున్నారు. ఒక ముసలావిడ అలవాటు కొద్దీ కుచ్చిళ్ళు సర్దుకుంది. దూరంగా షామియానా కింద పెద్దమ్మ ఆంప్లిఫయరు మీద నుంచి చెయ్యి తియ్యకుండా నా వైపే చూస్తోంది.

నేను చెయ్యి పైకెత్తాను.